మట్టిమిద్దె కింద పడుకున్న పిల్లలు

1993 సెప్టెంబరు 30. తెల్లవారుజాము నాలుగు కావస్తుండగా మహారాష్ట్రలోని కిల్లారి చుట్టుపక్కల భూమి కంపించింది. దాదాపు 10 వేల మంది చనిపోయారు. ఐదు రోజుల తర్వాత ఒక ఇంటి శిథిలాల్లోంచి ఏడాదిన్నర పాపను ప్రాణాలతో తీశారు. దేవుడి దయ అన్నారు అందరూ. నేనూ కాదనను. కానీ ఆ ఊళ్లలో పోయిన పిల్లల మీద దేవుడికి దయ లేదని అనగలమా? వాళ్లను చంపింది ఇల్లు.

ఎట్లాంటి ఇల్లు? మన అనంతపురం, కర్నూలు పల్లెల్లో ఉండేలాంటిదే. రాతిగోడలు, వాటి మీద దూలాలు, దంతెలు, ఆ పైన మందంగా మన్ను. ఎండాకాలం చల్లగా ఉంటుందని మనం మురిసిపోయే మిద్దె. గోడ రెండడుగుల మందం కనిపిస్తుంది గానీ లోపలి వరస వేరు, బయటి వరస వేరు. నడుమ ఉన్నది చిన్న రాళ్లు, మట్టి. భూమి ఊగితే ఆ రెండు వరసలూ చెరోవైపు విచ్చుకుంటాయి. పైనున్న టన్నుల మన్ను పడుకున్నవాళ్ల మీదికి వస్తుంది. వానకు కారుతోందని మళ్లీ మళ్లీ చౌడు పోస్తూ, ఆ బరువును మన చేతులతో మనమే పెంచుకుంటూ వచ్చాం.

మనకు భూకంపాలు రావులే అంటారు ఊళ్లో. కిల్లారి వాళ్లూ అట్లాగే అనుకొని ఉంటారు. దేశంలో ఎక్కడ భూకంప ప్రమాదం ఎంతో చూపే అప్పటి మ్యాపులో వాళ్లది అన్నిటికన్నా ప్రమాదం తక్కువైన ఒకటో జోన్. 2002 మ్యాపులో ఆ ఒకటో జోన్‌నే తీసేసి రెండో జోన్‌లో కలిపారు. ఆ మ్యాపులో అనంతపురం, కర్నూలు ఉన్నది ఆ రెండో జోన్‌లోనే. రేపే వస్తుందని టెన్షన్ పెట్టడం నా ఉద్దేశం కాదు. భూకంపం దాకా ఎందుకు, ముసురు పడితేనే మిద్దెలు కూలుతున్నాయి. 2021 నవంబరు వానలకు కదిరిలో పాత భవనం కూలి చిన్నపిల్లలు చనిపోయారు.

కిల్లారిలో వచ్చింది 6.2 తీవ్రత. నాలుగు నెలలు తిరక్కముందే, 1994 జనవరి 17న, లాస్ ఏంజెలెస్ పక్కన నార్త్‌రిడ్జ్‌లో 6.7 వచ్చింది. అదీ జనం నిద్రలో ఉన్న వేళే. పోయినవాళ్లు వంద లోపు. అక్కడ 1933లో లాంగ్ బీచ్ భూకంపం బడులను కూల్చింది. సాయంత్రం కాబట్టి పిల్లలు అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయారు. నెల తిరిగేసరికి బడులను భూకంపానికి తట్టుకునేలా కట్టాలని చట్టం తెచ్చారు.

ఊళ్లు వదిలి బయట ఉంటున్న మనవాళ్ల సంఘం ఊరి ముఖద్వారాలకు, కల్యాణ మండపాలకు చందాలు పోగుచేస్తుంది. మంచిదే. ఈసారి ఆ డబ్బు మిద్దెలకు పెడదామని అడుగుతున్నాను. గోడకు అడ్డంగా అక్కడక్కడా బొక్క చేసి, కమ్మీ పెట్టి కాంక్రీటు నింపితే రెండు వరసలూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పైన అవసరానికి మించిన మన్ను దించేయాలి. కిల్లారి భూకంపం తర్వాత ఆ ఊరున్న మరాఠ్వాడా ప్రాంతంలో పాత ఇళ్లకు ఇట్లాంటి పనులే చేశారు. మన బేల్దార్లకు చేతకాని పని కాదు, ఒక ఇంజినీరు వచ్చి నేర్పితే చాలు.

"ఇన్నేండ్లు నిలబడింది గదప్పా" అంటారు పెద్దవాళ్లు. వాళ్లతో వాదించకండి. సంక్రాంతికి వెళ్లినప్పుడు మిద్దెక్కి మన్ను ఎంత మందం ఉందో కొలవండి. గోడ ఎక్కడ ఉబ్బిందో ఫోటో తీసి సంఘానికి పంపండి. ఏ ఇంట్లో పిల్లలు పడుకుంటున్నారో కూడా రాయండి, పని అక్కడ మొదలుపెడదాం.