మా బాపు సీసీఐ, నా సీసీఐ

మొన్న శనివారం డాలస్‌లో నేనెప్పుడూ వెళ్లే తుపాకీ సామాన్ల షాపుకి పోతే, తూటాల్లో పెట్టే ప్రైమర్ల అర మళ్లీ ఖాళీ. మిగిలినవి రెండే పెట్టెలు, అవీ నాకు పనికిరాని సైజు. పైన కాగితం అంటించి ఉంది: మనిషికి ఒకటే. వెయ్యి ప్రైమర్ల పెట్టె 79 డాలర్లు, టాక్స్ అదనం. 2019లో అదే షాపులో అలాంటి పెట్టె 30 డాలర్లకి తెచ్చుకున్నాను. ఆ బిల్లు ఇంకా నా నోట్‌బుక్‌లో ఉంది. కౌంటర్లో కుర్రాడేమో "ఇప్పుడు రేట్లు బాగా దిగాయి సార్" అన్నాడు. వాడి తప్పేం లేదు, 30 డాలర్ల కాలం వాడికి తెలియదు.

కడుపు మండి రాస్తున్నాను, పొడుగవుతుంది. ఓపిక ఉంటేనే చదవండి.

తెలియనివాళ్ల కోసం కాస్త. తూటాలో నాలుగు వస్తువులు ఉంటాయి. ఇత్తడి తొడుగు, దాని అడుగున ప్రైమర్, లోపల పౌడర్, మూతికి బుల్లెట్. పేల్చాక ఇత్తడి ఒక్కటే మిగులుతుంది. దాన్ని ఏరుకొచ్చి, శుభ్రం చేసి, మళ్లీ సైజుకి తెచ్చి, మిగతా మూడూ కొత్తవి పెట్టుకోవడమే రీలోడింగ్. హెచ్1బీలో ఉన్నన్నాళ్లూ నేను తుపాకీ జోలికి పోలేదు. గ్రీన్ కార్డు వచ్చాక ఆఫీసులో ఒకాయన షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లాడు, అక్కడ పట్టుకుంది ఈ పిచ్చి. నేను కాల్చేది మూడు వందల గజాల అవతల కాగితం మీది నల్ల చుక్కని. తుపాకుల మంచీ చెడూ మీద కొట్లాట వేరే పోస్టులో పెట్టుకుందాం.

నాలుగింటిలో ఇంట్లో చేసుకోలేనివి ప్రైమర్, పౌడర్. బుల్లెట్ అయితే సీసం కరిగించి పోసుకునేవాళ్లు ఉన్నారు. ప్రైమర్ అంటే మిరియపు గింజంత లోహపు గిన్నె. చిన్నప్పుడు దీపావళికి రీలు తుపాకీలో టప్‌మని పేలే చుక్క గుర్తుందా? ఆ పని చేసేదే, కాకపోతే లోపల లెడ్ స్టిఫ్‌నేట్ అనే ఒళ్లు దగ్గర పెట్టుకుని ముట్టాల్సిన పేలుడు మందు ఉంటుంది. అది లేకపోతే మిగతా మూడూ చేతిలో ఉన్నా వట్టి ఇత్తడి సామానే.

ఆ గింజ చేసేవాళ్లు ఎంతమంది? అమెరికాలో చిరకాలంగా పేరున్న బ్రాండ్లు నాలుగు. సీసీఐ, ఫెడరల్, వించెస్టర్, రెమింగ్టన్. 2020 జులైలో రెమింగ్టన్ దివాలా తీసింది. ఆర్కన్సాలోని లొనోక్‌లో ఉన్న దాని తూటాల ఫ్యాక్టరీని విస్టా అవుట్‌డోర్ కొనుక్కుంది. సీసీఐ, ఫెడరల్ అప్పటికే విస్టావి. అంటే నాలుగింట్లో మూడు ఒకే ఇంటివి. 2024 నవంబరులో ఆ ఇంటి తూటాల వ్యాపారమంతా చెక్ దేశపు ఆయుధాల కంపెనీ సీఎస్‌జీ చేతికి పోయింది. అర మీద నాలుగు రంగుల పెట్టెలు చూసి పోటీ ఉందనుకునేవాళ్లకి దండం. సందులో బోస్నియా నుంచి, ఇంకెక్కడెక్కడి నుంచో డబ్బాలు వస్తున్నాయి కాబట్టి ఊపిరి ఆడుతోంది.

కొరత అంతా బూటకం అనే బ్యాచ్ ఒకటుంది, నేను అందులో లేను. కోవిడ్ ఏడాది తుపాకీల కోసం ఎఫ్‌బీఐ చేసిన బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లే దాదాపు 4 కోట్లు. కొత్తగా తుపాకీ కొన్న ప్రతివాడికీ తూటాలు కావాలి, ఆ తూటాల్లోకీ ఇవే ప్రైమర్లు వెళ్లాలి. కంపెనీలు ముందు తమ తూటాలకి పెట్టుకుని, మిగిలితేనే మనకి విడిగా అమ్ముతాయి. వాళ్ల చోట నేనున్నా అదే చేస్తాను.

ఇక పౌడర్. నేను వాడే వార్గెట్ డబ్బా మీద హాజ్డన్ అని అమెరికా కంపెనీ పేరుంటుంది, తయారయ్యేది ఆస్ట్రేలియాలోని ముల్వాలాలో. మొదట్లో పౌండు డబ్బా ముప్పై డాలర్లలోపే తెచ్చేవాణ్ణి. ఇప్పుడు యాభై అయిదు పెట్టినా "వస్తే ఫోన్ చేస్తాం" అంటున్నారు. ఆన్‌లైన్‌లో అయితే ప్రమాదకర సరుకని రవాణాకి వేరే ఫీజు. నేను చివరిసారి ఒక్క డబ్బాకి 25 డాలర్లు కట్టాను, డబ్బా ధరలో దాదాపు సగం!

దీనికీ నిజమైన కారణం ఉంది. ఈ పౌడర్‌కి మూలం నైట్రోసెల్యులోజ్. దూది లాంటి పదార్థాన్ని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల్లో వేసి చేస్తారు. జిన్నింగ్ మిల్లులో పత్తి తీశాక గింజకి పొట్టి నూగు అంటుకుని ఉంటుంది చూశారా, దానికి ఇది పాత గిరాకీ. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఫిరంగి గుండ్లకి ఎక్కడలేని మందూ చాలడం లేదు. నా దగ్గర పౌండు పౌడర్ నూట అరవై తూటాలకి సరిపోతుంది. 155 ఎం.ఎం. ఫిరంగి ఒక్కసారి పేలితే కిలోల లెక్కన కాలిపోతుంది. 2023 మార్చిలో యూరోపియన్ యూనియన్ ఏడాదిలో 10 లక్షల గుండ్లు ఇస్తానని మాటిచ్చి, ఇవ్వలేకపోయింది. దేశాలకే దిక్కులేనప్పుడు నా కాగితం మీది నల్ల చుక్క ఎవడికి కావాలి? పైగా ప్రైమర్ మందులో వాడే యాంటిమొనీని అమెరికాకి పంపకుండా 2024 డిసెంబరులో చైనా ఆపేసింది, 2025 నవంబరులో గానీ పట్టు సడలించలేదు. ఒకటా రెండా.

ఇంతవరకూ ఒప్పుకుంటాను. నా మంట ఆ తర్వాతి భాగం మీద.

2021 వేసవిలో రేంజ్ పార్కింగ్‌లో ఒకడు కారు డిక్కీ తెరిచి చూపించాడు. కిరాణా కొట్టు సర్దినట్టు ప్రైమర్ పెట్టెలు. వెయ్యి ప్రైమర్ల పెట్టెకి 200 డాలర్లు. షాపు తలుపు తీయకముందే వెళ్లి నిలబడి, మామూలు ధరకి ఊడ్చుకొచ్చి, మనకి ఇలా. తిట్టుకుంటూనే రెండు పెట్టెలు కొన్నాను. ఇంటికొచ్చి గ్యారేజీలో పెడుతుంటే అప్పటికే అక్కడ నాలుగు ఉన్నాయి. మొత్తం ఆరు వేలు. నేను నెలకి కాల్చేది వంద. అయిదేళ్ల సరుకు పెట్టుకుని "దొరకడం లేదు" అని గ్రూపుల్లో ఏడ్చినవాణ్ణి నేను. తిలా పాపం తలా పిడికెడు. నా పిడికిలి కాస్త పెద్దదే.

మా తెలుగు మిత్రులు నవ్వుతారు దీనికి. ఆగండి. 2023 జులైలో ఇండియా బియ్యం ఎగుమతులు ఆపేస్తోందనగానే ఇక్కడి ఇండియన్ స్టోర్లలో సోనామసూరి కోసం మనం ఏం చేశాం? ఇద్దరు మనుషులున్న ఇంటికి పది బస్తాలు. ట్రాలీలో బస్తా మీద బస్తా వేసి, అది పడిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్లో "నీకూ రెండు తేనా" అని అడిగినవాళ్లు నా స్నేహితులే. ఏడాది గడిచాక నిషేధం ఎత్తేశారు. మా ఇంట్లో బస్తా విప్పితే పురుగు.

తేడా అక్కడే ఉంది. పురుగు భయంతో అయినా బియ్యం దాచడానికి ఒక హద్దుంటుంది. ప్రైమర్‌కి పురుగు పట్టదు. తడి తగలకుండా పెడితే ఏళ్ల తరబడి పేలుతుంది. అందుకే ఈ దాపుడుకి అంతు లేదు. ఇక్కడి అగ్నిప్రమాద నియమావళి ప్రకారం ఇంట్లో 10,000 ప్రైమర్లు దాటకూడదు. దానికి అయిదింతలు పేర్చి ఫోటో పెట్టి, కింద "సీజన్‌కి సిద్ధం" అని రాసుకునేవాళ్లని చూశాను. వాళ్లింటి ఇన్సూరెన్స్ కంపెనీ ఆ ఫోటో చూడకూడదని కోరుకుంటున్నాను. అలాంటి గ్యారేజీలు ఎన్ని ఉన్నాయో కంపెనీలకి తెలియకపోదు. 200 పెట్టి కొన్నవాడికి 79 చవగ్గా కనబడుతుంది, ఇంక 30 దాకా దించాల్సిన పనేముంది?

కొత్తగా రీలోడింగ్ మొదలుపెడదామని అడిగేవాళ్లకి ఒకటే మాట. డబ్బు మిగులుతుందని మాత్రం దిగకండి. గురి కోసం, ఆ పనిలో ఉండే శాంతి కోసం అయితే రండి, తూటాలు బిగించే నా ప్రెస్ మీద నేనే నేర్పిస్తాను. ప్రైమర్లు కూడా ఇస్తాను, 30 డాలర్ల పెట్టెలోంచే.

నిన్న రాత్రి బాపుకి ఫోన్ చేసినప్పుడు ఈ గోల చెప్పాను. మాది జమ్మికుంట దగ్గర, పత్తి తప్ప వేరే పంట ఎరగం. సీసీఐ రేటు పెరిగిందనగానే ఆయన గొంతు లేచింది.

"ఎంత జేసిన్రు? మొన్ననే గదరా క్వింటాలుకు 8,110 అన్నరు?"

ఆయన సీసీఐ పత్తి కొనే కాటన్ కార్పొరేషన్. నా సీసీఐ ప్రైమర్లు చేసేది. ఒక ఇంట్లో రెండు సీసీఐలు ఉన్నాయని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. నవ్వుకున్నాక, తూటా మందు పత్తి నూగుతో చేస్తారని చెప్పాను. నమ్మలేదు. రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"గింజకుండే నూగుతోనా? గది మేము అడ్డికి పావుశేరు లెక్క అమ్ముతున్నం గదరా. పత్తిల తేమ 12 శాతం దాటితే తీసుకోనే తీసుకోరు." కాసేపు ఆగాడు. "మరి మందు రేటు డబలాయె, గుండ్ల రేటు డబలాయె అంటివి. పత్తికెందుకు కాలే?"

లైన్లో కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. వానలు ఎలా ఉన్నాయని అడిగాను.