బ్యాడ్జిలో సున్నా వస్తే చాలదు

హైదరాబాదు జీవశాస్త్ర ప్రయోగశాలల్లో కొత్తగా చేరే పరిశోధక విద్యార్థుల వాట్సాప్ బృందాల్లో ఒక సందేశం తిరుగుతోంది. టీఎల్‌డీ బ్యాడ్జి (ఒంటిపై పడిన రేడియేషన్ మోతాదును నమోదు చేసే చిన్న సాధనం) పెట్టుకుంటే రేడియేషన్ దరిచేరదనీ, మూడు నెలల నివేదికలో సున్నా వస్తే ఒంటికి ఏమీ అంటనట్టేననీ, ఛాతీ మీద ఒక్క బ్యాడ్జి సరిపోతుందనీ, ఏడాది పరిమితి దాటనంతవరకు ఏదీ పట్టించుకోనక్కర్లేదనీ దాని సారాంశం. పిల్లలు దీన్ని నమ్మి రేడియోధార్మిక ఐసోటోపుల గదిలోకి అడుగుపెడతారన్న బెంగతోనే ఇది రాస్తున్నాను.

మొదటి మాటకు జవాబు చిన్నదే. బ్యాడ్జి దేన్నీ అడ్డుకోదు. డిస్ప్రోషియం కలిపిన కాల్షియం సల్ఫేటు బిళ్ళలు తమపై పడిన శక్తిని పట్టి ఉంచుకుంటాయి. తర్వాత వాటిని వేడిచేసినప్పుడు వెలువడే కాంతిని బట్టి మోతాదు లెక్కకడతారు. అంటే మనకు తెలిసేది ఎప్పుడో జరిగిపోయిన సంగతి.

సున్నా గురించిన రెండో మాట అన్నిటికంటే ప్రమాదకరమైనది. గామా, ఎక్స్ కిరణాల మధ్య పనిచేసేవారికి ఆ సున్నా విలువైన సమాచారమే. ట్రీషియంతో (రేడియోధార్మిక హైడ్రోజన్‌తో) పనిచేసేవారికి మాత్రం దానికి అర్థమే లేదు. దాని బీటా కణాల గరిష్ఠ శక్తి 18.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు; గాలిలో కొద్ది మిల్లీమీటర్లు దాటని ఆ కణాలు బ్యాడ్జి పైపొరనే దాటలేవు. రేడియేషన్‌ను పసిగట్టే మామూలు గైగర్ కౌంటరుకూ అవి చిక్కవు. కానీ ట్రీషియం కలిసిన నీరు ఊపిరితోనో చర్మం గుండానో లోపలికి చేరితే ఒళ్ళంతా వ్యాపిస్తుంది. దాన్ని పట్టేది మూత్ర పరీక్ష, అదీ వెంటనే చేస్తేనే. శరీరంలో చేరినదానిలో సగం సుమారు 10 రోజుల్లో బయటికి పోతుంది కనుక, మూడు నెలల నివేదిక కోసం ఆగితే సాక్ష్యం దాదాపుగా చెరిగిపోతుంది. అయోడిన్-125 అనే రేడియోధార్మిక అయోడిన్ అయితే థైరాయిడ్ గ్రంథిలో పేరుకుంటుంది. దానికి మెడ దగ్గర డిటెక్టరు ఉంచి కొలవాలి. బల్ల మీద ఒలికినది తెలియాలంటే కాగితంతో తుడిచి చూసే వైప్ పరీక్ష చేసి, ఆ కాగితాన్ని బలహీనమైన బీటా కణాలనూ లెక్కించగల లిక్విడ్ సింటిలేషన్ కౌంటరులో పెట్టాలి.

ఛాతీ బ్యాడ్జి చేతివేళ్ళ సంగతి చెప్పదు. రేడియోధార్మిక ఫాస్ఫరస్-32 మన నగరానికి బాగా తెలిసినదే. దాన్ని జోడించిన న్యూక్లియోటైడ్లను (డీఎన్ఏ నిర్మాణ ఘటకాలను) దేశంలోని ప్రయోగశాలలకు అందించిన బ్రిట్ (రేడియేషన్, ఐసోటోపు సాంకేతిక బోర్డు) వారి జొనాకి కేంద్రం సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) ఆవరణలోనే ఉంది. ఫాస్ఫరస్-32 బీటా కణాల గరిష్ఠ శక్తి 1.71 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. ఛాతీ సెంటీమీటరు మందం యాక్రిలిక్ తెర వెనుక భద్రంగా ఉన్నప్పుడు, సీసా పట్టుకున్న వేళ్ళు తెరకు ఇవతల ఉండవు. అందుకే మణికట్టు బ్యాడ్జి, ఉంగరం బ్యాడ్జి ఉన్నాయి. (యాక్రిలిక్ లేకుండా సీసం (లెడ్) రేకు ఒక్కటే అడ్డుపెడితే బీటా కణాలు అందులో ఆగుతూ ఎక్స్ కిరణాలను పుట్టిస్తాయి.)

ఇక పరిమితి. అణుశక్తి నియంత్రణ మండలి ప్రకారం వృత్తిరీత్యా పనిచేసేవారికి వరుసగా ఐదేళ్ళ సగటు ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి చేరిన రేడియేషన్ మోతాదుకు కొలమానం), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించరాదు. అంతవరకు పోగుచేసుకోవచ్చని దాని భావం కాదు. మోతాదును వీలైనంత తగ్గించడం దీనితోపాటే వచ్చే బాధ్యత. ఎప్పుడూ సున్నా వచ్చే వ్యక్తికి ఒక త్రైమాసికంలో 2 మిల్లీసీవర్టులు నమోదైతే, పరిమితిలోపలే ఉన్నా, కారణం వెతికి తీరాలి. పైగా గర్భవతి అయిన ఉద్యోగిని విషయంలో, ఆ సంగతి తెలియజేసిన తర్వాత గర్భస్థ శిశువుకు చేరే మోతాదు 1 మిల్లీసీవర్టు దాటకూడదు. గర్భం సంగతి తెలిసిన వెంటనే రేడియేషన్ భద్రతాధికారికి చెప్పాలని 2004 నాటి నియమాలు కోరుతున్నాయి. ఆ సందేశంలో దీని ఊసే లేదు.