నిపుణుల మాటకు తరుగెంత?

సన్నటి జేబు కెమెరా ఒకటి కొనుక్కుందామనుకునే నల్లగొండ వాసికి ఎదురయ్యే కష్టాల్లో డబ్బుది రెండో స్థానం. మొదటి స్థానం నిపుణులది. క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతూ ‘కెమెరా’ అన్న మాట కాస్త గట్టిగా అంటే చాలు, పక్క బెంచీ మీది మనిషి గ్లాసు పట్టుకుని మన బెంచీకి మారిపోతాడు. ఆయనకు సెన్సర్ల గురించి తెలుసు. వాళ్ల తమ్ముడికి లెన్సుల గురించి తెలుసు. మనం ఏమీ అడగలేదన్న సంగతి మాత్రం ఇద్దరికీ తెలియదు.

ఇన్ని అభిప్రాయాలను తూచి, ఏది నికరమో తేల్చడం ఎట్లా? ఈ విషయంలో మన ఉమ్మడి జిల్లాకు బయటివాళ్ల సలహా అక్కర్లేదు. ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే ఆరబెట్టుకుని రమ్మంటారు. బత్తాయి తూకమయ్యాక తరుగు తీస్తారు. రైతు పండించిన గింజకూ కాయకూ ఇంత పరీక్ష ఉన్నప్పుడు, నిపుణుడి నోటి నుంచి రాలే మాటకు మాత్రం ఎందుకు మినహాయింపు? ఆయన ఏ సరుకు అమ్ముతాడు, దేనికి ఈఎంఐ కడుతున్నాడు, ఏ కంపెనీ మీద పాత కోపం ఉంది, ఇదంతా మాటలోని తేమ. అది ఎంతుందో చూసి ఆ మేరకు తరుగు తీసి, మిగిలింది సంచిలో పోసుకోవాలి. ప్రజాప్రయోజనం దృష్ట్యా ఈ పద్ధతిని వెంటనే అమల్లో పెట్టడమైనది.

మొదటి బస్తా మొబైల్ షాపు తమ్ముడిది. “ఈ రోజుల్ల కెమెరా ఎవరు కొంటరన్నా? ఫోన్లనే 200 మెగాపిక్సెళ్లున్నయ్” అన్నాడు. 200 అనేది చిన్న అంకె కాదు, కాబట్టి శ్రద్ధగా తూచాం. అలాంటి ఫోను మామూలుగా ఫోటో తీసినప్పుడు పదహారేసి పిక్సెళ్లను కలిపి ఒకటిగా చేస్తుంది. అంటే చేతికొచ్చేది పన్నెండున్నర మెగాపిక్సెళ్లు. దాన్ని మనం చేసే పని ఒక్కటే, వాట్సాప్‌లో మేనత్తకు పంపడం. మామూలు క్వాలిటీలో పంపితే అది కుదించుకుపోయి రెండు మెగాపిక్సెళ్ల దగ్గర తేలుతుంది. 200 ఎక్కడ, రెండు ఎక్కడ! నూటికి తొంభైతొమ్మిది తరుగు. ఇంత తీస్తే ఏ మార్కెట్ యార్డు ముందైనా రాస్తారోకో జరిగేది. మేనత్త మాత్రం “మంచిగొచ్చింది బిడ్డా” అని పూల బొమ్మ పెట్టి ఊరుకుంది.

అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఖరీదైన కొన్ని ఫోన్లలో మామూలు జేబు కెమెరా కంటే పెద్ద సెన్సర్లే (వెలుతురును పట్టి బొమ్మగా మార్చే చిప్పులే) ఉన్నాయి. తమ్ముడు ఆ మాట అని ఉంటే తరుగు లేకుండా తీసుకునేవాళ్లం. ఆయనకు ఆ సంగతి తెలియదు. ఆయనకు 200 తెలుసు.

రెండో బస్తా పెళ్లి ఫోటోలు తీసే స్టూడియో అన్నది. ఆయన మేం కొనాలనుకున్న కెమెరాను అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, “మంచిదే సార్. కానీ గింత దాన్ని పట్టుకుని పెండ్లికి పోతే పిల్లనోళ్లు పైసలియ్యరు” అన్నాడు. మీటరు పెట్టి చూశాం. తేమ దాదాపు సున్నా. ఫోటోగ్రఫీ గురించి ఇంత పొడిగా మాట్లాడిన నిపుణుడు మాకు ఇంకొకరు తగల్లేదు. పెళ్లిలో కట్టే డబ్బు ఫోటోకు కాదు, కెమెరా బరువుకు అన్న సత్యాన్ని లోకంలోని ఏ రివ్యూలోనూ ఎవరూ రాయలేదు. మెడలో ఒకటి, భుజానికి ఒకటి వేలాడుతూ, వెనక గొడుగు లైటు పట్టుకున్న పిల్లవాడు ఉంటేనే తాళి కట్టే సమయంలో పంతులుగారిని సైతం ‘జరుగుండ్రి’ అనే అధికారం దక్కుతుంది. జేబు కెమెరా పట్టుకున్నవాణ్ణి పంతులుగారే జరగమంటారు.

మూడో బస్తా అమెరికా నుంచి వచ్చింది. “బావా, కనీసం అంగుళం సెన్సర్ లేకపోతే ముట్టుకోకు” అని వీడియో కాల్‌లో హెచ్చరిక. అంగుళం అంటే మనకు తెలిసింది 25.4 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి చూస్తే ‘అంగుళం సెన్సర్’ అనేది 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు. మూల నుంచి మూలకు కొలిచినా పదహారు దాటదు. మిగతా తొమ్మిది చిల్లర మిల్లీమీటర్లు ఏమయ్యాయి? పాత కాలం టీవీ కెమెరాల్లో సెన్సర్‌కు బదులు గాజు గొట్టాలుండేవి. ఆ గొట్టం బయటి వ్యాసాన్ని బట్టి సైజు చెప్పేవాళ్లు. బొమ్మ పడే భాగం లోపల అంతకంటే చిన్నగా ఉండేది. గొట్టాలు పోయాయి, లెక్క మిగిలింది. అంటే కెమెరా కంపెనీలు మనకంటే ముందే, పెట్టె తెరవకముందే, అంగుళంలో మూడో వంతుకు పైగా తరుగు తీసేసుకున్నాయి. సన్నటి జేబు కెమెరాల్లో ఎక్కువగా కనపడే ‘అంగుళంలో 2.3వ వంతు’ సెన్సర్ అయితే ఆరుంబావు మిల్లీమీటర్ల పొడవు కూడా ఉండదు. బావ చెప్పే అంగుళం సెన్సర్‌లో దీని విస్తీర్ణం నాలుగో వంతు. వెలుతురు తక్కువైనప్పుడు బొమ్మలో ఇసుక చల్లినట్టు కనపడేది ఇందువల్లే. ఈ ముక్క వరకు బావ చెప్పింది నిజం. ఆయన తన అంగుళం కెమెరాతో తీసిన ఫోటోలు కూడా చూశాం. అన్నీ మంచులో నిలబెట్టిన కారువి.

ఇక బ్యాటరీ. మేం కొనాలనుకున్న కెమెరా పెట్టె మీద ఒక్క చార్జింగ్‌కు 180 ఫోటోలు అని ఉంటుంది. ఇది గాలివాటం అంకె కాదు, జపాన్‌లోని కెమెరా తయారీదారుల సంఘం ‘సీపా’ పెట్టిన నిబంధన ప్రకారం లెక్కించినది. అరనిమిషానికి ఒక ఫోటో తీయాలి, ఒకటి విడిచి ఒకదానికి ఫ్లాష్ వేయాలి, చుట్టూ 23 డిగ్రీల వేడిమి ఉండాలి. ఆ సంఘాన్ని మేం తప్పుపట్టడం లేదు. కానీ మన దగ్గర 23 డిగ్రీలంటే తాతలు మఫ్లర్లు బయటికి తీసే వాతావరణం. పైగా ఇలాంటి కెమెరాల మాన్యువల్‌లో చివరి పేజీకి పోయి చూస్తే, సున్నా నుంచి 40 డిగ్రీల మధ్యే వాడాలని సన్న అక్షరాల్లో ఉంటుంది. మే నెలలో నల్లగొండ 45 దగ్గర తిరుగుతుంది. అంటే పెళ్లిళ్ల కాలం మొత్తం, పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా, మన జిల్లా కంపెనీ హద్దులకు అవతల ఉన్నట్టే. వధూవరులు కూడా సున్నా నుంచి 40 మధ్యే పనిచేస్తారన్నది వేరే సంగతి.

ఇక్కడిదాకా తూచినవి మాటలు. ఊళ్లోకి పోయి తూచితే వ్యవహారం ఇంకా చిక్కబడుతుంది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయాన్ని తీసుకోండి. కుందూరు చోడుల కాలపు గుడి. మూడు గర్భగుళ్లలో ఒకదానిలో, లింగం వెనక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ నిలబడి ఉంటుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోతాడు, నీడ పోదు. పోనీ ఎదురుగా ఆ నీడకు సొంతదారైన స్తంభం ఉందా అంటే అదీ లేదు. మండపం స్తంభాల నడుమ నుంచి చెదిరి లోపలికొచ్చే వెలుతురుతో కట్టినవాళ్లు చేసిన పని అది. స్తంభాలు ఏ దూరంలో నిలబెట్టాలో లెక్కగట్టి, వందల ఏళ్లపాటు బ్యాటరీ మార్చాల్సిన పనిలేని ఏర్పాటు చేసిపెట్టారు.

ఇప్పుడు ఈ నీడను సన్నటి కెమెరాతో తీయాలి. నిపుణులు ఏకగ్రీవంగా చెప్పేది ఏమిటంటే, మెనూలోకి పోయి ‘నీడలు సవరించు’ అనే సదుపాయాన్ని ఆన్ చేయమని. ఆ సదుపాయం ఉన్న కెమెరాకు రివ్యూల్లో మార్కులు ఎక్కువ. ఆన్ చేశామనుకోండి, చీకటి భాగాన్ని వెలిగించేసి, ఏ నీడ కోసం బస్సెక్కి వచ్చామో దాన్నే శుభ్రంగా తుడిచేస్తుంది. ఆటోలో పెడితే చీకటిగా ఉందని తనకు తానే ఫ్లాష్ కొడుతుంది. ఫ్లాష్ వెలిగిందంటే నీడ ఎట్లాగూ మాయం. చోడుల కాలపు శిల్పికి తెలిసింది నీడను ఎట్లా నిలబెట్టాలో, మన ఇంజినీరుకు తెలిసింది దాన్ని ఎట్లా లేపేయాలో. ఇద్దరూ నిపుణులే. మేం తూకంలో శిల్పికి తరుగు తీయలేదు. ఫ్లాష్ ఆపేసి, సవరణ ఆపేసి, కెమెరాను గట్టు మీద కదలకుండా పెట్టి, రెండు సెకన్ల టైమరుతో తీస్తే నీడ వచ్చింది. అక్కడ చూస్తున్న ఒక పిల్లవాడు స్క్రీన్‌లోకి తొంగిచూసి, “అంకుల్, నల్లగొచ్చింది, ఎడిట్ చేయాలె” అన్నాడు. భవిష్యత్తులో నిపుణులకు కొదవ ఉండదని అప్పుడే అర్థమైంది.

నాగార్జునసాగర్ గేట్లు ఎత్తిన రోజు కింది వంతెన మీదికి పోయినా ఇదే తంతు. మొత్తం 26 గేట్లు, తుంపరలు పొగలా లేస్తుంటాయి. జేబు కెమెరాలో జూమ్ 12 రెట్లుంటే గేటు దగ్గరికొస్తుంది. ఫోను పట్టుకున్న పక్కమనిషి రెండు వేళ్లతో స్క్రీన్ సాగదీస్తాడు, గేటు కాస్తా గళ్ల లుంగీలా మారుతుంది. ఇక్కడ జేబు కెమెరా గెలిచింది, ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ ఫోటోను ఇంటర్నెట్ నిపుణుడికి చూపిస్తే “బొమ్మలో మసక ఉంది, లెన్సు లోపం” అంటాడు. అయ్యా, అది లెన్సు కాదు, కృష్ణ.

పోచంపల్లి చీరల దగ్గర మరీ ఘోరం. నేతకు ముందే నూలును ముడులు కట్టి అద్దకం వేస్తారు కనుక, మగ్గమెక్కాక రంగు రంగును కలిసేచోట అంచు ఈకలా చెదురుతుంది. ఆ చెదురే ఇక్కత్‌కు గుర్తు, 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం. దాని ఫోటోను బాగా పెద్దది చేసి చూసిన నిపుణుడు “అంచుల్లో పదును లేదు” అని తీర్పు ఇచ్చాడు. నేతగాళ్ల ఇంటావిడ ఆ మాట విని, “పదునుంటే అది మిషన్‌ది బిడ్డా” అన్నది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కథ చిన్నది. మూడెకరాలకు పైగా పరుచుకున్న చెట్టు ఏ లెన్సులోనూ పట్టదు, ఏ నిపుణుడూ ఈ విషయంలో గొడవ పెట్టుకోడు. శాంతి నెలకొన్న ఏకైక చోటు అదే.

నిపుణుల పాత బస్తాలు కూడా ఒకసారి విప్పి చూడటం మంచిది. 1975లో కోడాక్ కంపెనీ ఇంజినీరు స్టీవెన్ సాసన్ తొలి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. మూడున్నర కిలోల పైచిలుకు బరువు, పది వేల పిక్సెళ్లు, ఒక్కో ఫోటో క్యాసెట్ మీద ఎక్కడానికి 23 సెకన్లు. ఆ కంపెనీలో నిపుణులకు కొరత ఏనాడూ లేదు. 2012లో దివాలా పిటిషన్ వేసింది. 2002లో క్యాసియో తెచ్చిన ఎక్సిలిమ్ కెమెరా మందం 11.3 మిల్లీమీటర్లే. జూమ్ లేదు, పిక్సెళ్లు 12 లక్షలు. సన్నగా ఉండాలని అడిగినవాళ్లు సన్నగా వచ్చాక ‘చేతికి పట్టు దొరకడం లేదు’ అన్నారు. 2010లో ప్రపంచం మొత్తం మీద డిజిటల్ కెమెరాలు 12 కోట్ల పైచిలుకు అమ్ముడుపోయాయి. 2023కు వచ్చేసరికి 80 లక్షల లోపు. జేబు కెమెరా చచ్చిపోయిందని నిపుణులు దినం కూడా పెట్టేశారు. ఇంతలో కాలేజీ పిల్లలు అమ్మానాన్నల అల్మారాల్లోంచి పాత సీసీడీ (వెనకటి రకం సెన్సర్) కెమెరాలు దులిపి బయటికి తీశారు. సీసీడీ పాతబడిందని అప్పట్లో అన్న నోళ్లే ఇప్పుడు ‘ఆ రంగులు మళ్లీ రావు’ అంటున్నాయి. ఇంత తేమ ఉన్న మాటను ఎండకు పోసినా ఆరదు.

మరి అన్ని తరుగులూ పోగా సంచిలో ఏం మిగిలింది? జూమ్ నిజం. ఫ్లాష్ నిజం, రాత్రి బతుకమ్మ దగ్గర ఆడేవాళ్లు తిరుగుతున్నా ముఖాలు నిలబడతాయి. ఫోటో తీస్తుండగా లోన్ కావాలా అని ఎవరూ ఫోన్ చేయరు, ఇది ఏ రివ్యూలోనూ లేని గొప్ప సదుపాయం. ఫ్లాష్ లేకుండా రాత్రిపూట బొమ్మలు నాసిగా ఉంటాయి, ఇదీ నిజమే. ఇంతే మిగిలింది, ఇది దోసెడు. కొనడానికి సరిపోతుందని నా అభిప్రాయం. దీనిమీద కూడా మీరు కొంత తరుగు తీసుకోవచ్చు, ఎందుకంటే నేను ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చేశాను.

కెమెరా మందం 23 మిల్లీమీటర్లు, బరువు 150 గ్రాముల లోపు. చొక్కా జేబులో పడుతుంది. కానీ గీతలు పడకుండా పౌచ్ తప్పనిసరి అన్నారు. 180 ఫోటోలు చాలవు కనుక ఇంకో బ్యాటరీ, దానికో చార్జరు, ఎందుకైనా మంచిదని రెండో మెమరీ కార్డు, పానగల్లు గుడికి చిన్న స్టాండు. ఇవన్నీ కలిపితే జేబులో పట్టవని, నడుముకు కట్టుకునే బ్యాగు కావాలని తేలింది. ఏ బ్యాగు మంచిదో చెప్పడానికి ఇద్దరు రేపు సాయంత్రం క్లాక్ టవర్ దగ్గరికి వస్తామన్నారు. వాళ్లలో ఒకాయనకు బ్యాగుల షాపుంది.