కౌన్సిలర్లకు కావలసింది ఉపన్యాసాల వీడియోలు కావు

విద్యార్థుల మానసిక క్షేమం, భద్రతపై పాఠశాల కౌన్సిలర్లకు వీడియో పాఠాలు అందించాలని ఇటీవల ఒక వ్యాసంలో చేసిన సూచనను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. మన విశాఖలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన విద్యార్థిని కేసులోనే సుప్రీంకోర్టు 2025 జూలైలో, 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత గల కౌన్సిలర్ ఉండాలనీ, సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలనీ ఆదేశించింది.

అయితే ఆ వీడియోలు నిపుణుల ఉపన్యాసాలుగా మిగిలిపోకూడదు. ఎనిమిదో తరగతి అమ్మాయి తలుపు దగ్గరే ఆగిపోయి, "ఎవరికీ చెప్పనంటేనే చెబుతాను మేడమ్" అంటే కౌన్సిలర్ ఏమనాలో నటించి చూపాలి. ఆమె చెప్పబోయేది తనపై జరిగిన లైంగిక వేధింపు గురించి కావచ్చు. పిల్లలపై లైంగిక నేరం గురించి తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి కాబట్టి, నిలబెట్టుకోలేని మాట ఇవ్వడం కన్నా, "నీకు రక్షణ కల్పించాల్సిన వారికి మాత్రమే చెబుతాను" అని ముందే చెప్పడం న్యాయం. ఆ అమ్మాయి మౌనంగా ఉన్న క్షణాలను ఎడిటింగ్‌లో కత్తిరించవద్దు; కొత్త కౌన్సిలర్లు తడబడేది ఎక్కువగా అక్కడే.

సంభాషణలు గాజువాక, పెందుర్తి పిల్లలు మాట్లాడుకునే తెలుగులోనే ఉండాలి. బాధిత పిల్లల ముఖాలు, పేర్లు ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు. పిల్లల సహాయవాణి చైల్డ్‌లైన్ 1098, మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబర్లు ప్రతి వీడియోలోనూ కనిపించాలి.