బోర్డు కనపడలేదా? స్తంభం చూడండి

మా పిన్ని కొడుకు చదువుకోడానికి ఇంగ్లండ్ వచ్చి రెండేళ్లు దాటింది. లైసెన్సు చేతికొచ్చి ఇంకా ఏడాది కూడా కాలేదు. పోయిన నెల వాడికి పోలీసుల నుంచి ఉత్తరం వచ్చింది, 30 రోడ్డు మీద 41లో వెళ్లావని. (ఇక్కడి స్పీడు లిమిట్ అంకెలన్నీ గంటకి మైళ్లు. 30 అంటే మన లెక్కలో 48 కిలోమీటర్లు.) ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఇది చెల్లదు. ఆ రోడ్డు మీద ఒక్క బోర్డు కూడా లేదు, కావాలంటే వీడియో తీసి కోర్టుకి తీసుకొస్తా. మధ్యలో డివైడర్ కూడా ఉంది. అసలు 41 అంటే పద్ధతిగా నడిపినట్టే" అన్నాడు. ఆ ధైర్యం ఎక్కడిదా అనుకున్నాను. రెండు నిమిషాల్లో అదే నా వాట్సాప్‌లో వచ్చి పడింది.

ఇక్కడి తెలుగువాళ్ల గ్రూపుల్లో ఉన్నవాళ్లకి ఆ ఫార్వర్డ్ ఏదో ఒక రూపంలో వచ్చే ఉంటుంది. దాని సారం ఇది. బోర్డు లేని రోడ్డుకి లిమిట్ లేదు, ఫైన్ వేస్తే చెల్లదు. తెల్ల బిళ్ల మీద నల్ల గీత కనపడితే లిమిట్ అయిపోయినట్టే. అటు రెండు వరసలు, ఇటు రెండు వరసలు ఉంటే 70 పోవచ్చు. ఫోన్ మ్యాపులో కనపడే అంకె కోర్టులో సాక్ష్యం. పది శాతం మీద ఇంకో రెండు మైళ్ల వరకు చట్టమే వదిలేస్తుంది. ఇవన్నీ దాటి నోటీసు వచ్చినా, 14 రోజుల తర్వాత వస్తే చించి పారేయండి. చివర్లో మామూలే, పది మందికి పంపండి.

నేను లాయర్ని కాను. డ్రైవింగ్ టెస్టు రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కినవాణ్ణి. ఆ రెండు తప్పుల్లో ఒకటి సరిగ్గా ఇదే: బోర్డు లేని రోడ్డు మీద 38 ఎక్కించాను. పక్కన కూర్చున్న ఎగ్జామినర్ ఏమీ అనలేదు, కాగితం మీద గీత పెట్టుకున్నాడు. అప్పటినుంచి ఈ విషయం మీద నాకు కాస్త ఎక్కువ శ్రద్ధ.

మొదటి మాట, బోర్డు లేకపోతే లిమిట్ లేదన్నది. ఇది మనకి ఎందుకు నమ్మబుద్ధేస్తుందో నాకు తెలుసు. ఊళ్లో మనం బోర్డు చూసి బండి నడిపినవాళ్లం కాదు, కెమెరా ఎక్కడుందో తెలుసుకుని నడిపినవాళ్లం. నిజానికి అక్కడ కూడా మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద ఏ రకం బండికి ఎంత వేగమో ముందే కట్టేసి ఉంది. అది ఎవరికీ పట్టదు, అదొక్కటే తేడా.

ఇంగ్లండ్‌లో చట్టం బోర్డు చేయాల్సిన పనిని దీపం స్తంభానికి అప్పగించింది. 1984 నాటి రోడ్డు ట్రాఫిక్ నియంత్రణ చట్టం 81, 82 సెక్షన్లు చెప్పేది ఇదే. రోడ్డు పొడుగునా వీధి దీపాలు 200 గజాలకు, అంటే సుమారు 183 మీటర్లకు మించని దూరంలో వరసగా ఉంటే, వేరే అంకె బోర్డు ఏదీ లేకపోతే, అది 30 రోడ్డు. ఈ లెక్క నిన్నా మొన్నా పుట్టింది కాదు. ఊళ్లలో 30 అన్నది 1935 మార్చి 18న అమల్లోకి వచ్చినప్పటినుంచీ దీపాలే దానికి గుర్తు.

అసలు వింత ఇంకొకటి ఉంది. దీపాలున్న 30 రోడ్డు మీద మధ్యమధ్యలో గుర్తుచేసే చిన్న 30 బిళ్లలు పెట్టకూడదు. డబ్బుల్లేక పెట్టలేదనుకునేరు, నిబంధనలే పెట్టనివ్వవు. 30 బోర్డు ఊరి మొదట్లో, లేదా లిమిట్ మారే చోట ఉంటుంది. మీరు ఏ ఇంటి సందులోంచో తిరిగి పెద్ద రోడ్డెక్కారనుకోండి, ఆ బోర్డు మీ కంటపడే ప్రసక్తే లేదు. అదే లైట్లున్న రోడ్డు 40 అనుకోండి, స్తంభాలకి అక్కడక్కడా చిన్న 40 బిళ్లలు తగిలించి ఉండాలి. కాబట్టి స్తంభాలు ఉండి, వాటికి బిళ్లలు లేకపోతే, అదే 30 అని చదువుకోవాలి. మౌనం అర్ధాంగీకారం అంటారు మనవాళ్లు. ఇక్కడి స్తంభం మౌనంగా ఉందంటే అది పూర్తి అంగీకారం.

మా వాడు తీసుకొస్తానన్న వీడియో సంగతి ఇక్కడే తేలిపోతుంది. అదే చట్టంలో 85వ సెక్షన్ అయిదో ఉపవిభాగం ఏమంటుందంటే, దీపాలున్న రోడ్డు మీద కేసు నడిచినప్పుడు, 30 వర్తించదని చెప్పే బోర్డులు అక్కడ లేవన్న సంగతే ఆ రోడ్డుకి 30 వర్తిస్తుందనడానికి సాక్ష్యం. అంటే బోర్డులు లేవని వీడు శ్రమపడి వీడియో తీసి తీసుకెళ్తే, అవతలివాళ్ల పని వీడే చేసిపెట్టినట్టు.

"మరి అర్ధరాత్రి దాటాక లైట్లు ఆపేస్తారు కదా, అప్పుడో?" అని అడిగాడు. తెలివైన ప్రశ్నే. చట్టం అడిగేది దీపాలు అమర్చి ఉన్నాయా అని, వెలుగుతున్నాయా అని కాదు. పట్టపగలు కూడా ఇదే లెక్క.

అయితే ఈ ఫార్వర్డ్ పూర్తిగా గాల్లోంచి పుట్టలేదు. దీపాలు లేని రోడ్డుకి స్థానిక కౌన్సిల్ 40 అనో 50 అనో ప్రత్యేకంగా లిమిట్ పెడితే, దాన్ని బోర్డులతో తెలపాల్సిన బాధ్యత కౌన్సిల్‌దే. చట్టం చెప్పినట్టు బోర్డులు లేకపోతే ఆ లిమిట్ దాటావని శిక్ష వేయడానికి వీల్లేదు. 85వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం సరిగ్గా ఇదే అంటుంది. ఎవరో ఒకరు ఇలాంటి రోడ్డు మీద నిజంగానే కేసు గెలిచి ఉంటారు, ఆ మాట నోటా నోటా పాకి అన్ని రోడ్లకీ అంటుకుని ఉంటుంది. కానీ అక్కడ కూడా లిమిట్ మాయమైపోదు. 50 బోర్డు లేకపోతే దేశమంతటికీ ఉన్న 60 ఉండనే ఉంది. ఒక బోర్డు కొమ్మల చాటున పడింది, మిగతావి కనపడుతూనే ఉన్నాయి అనుకోండి, కొమ్మని చూపించి బయటపడాలనుకోవడం అత్యాశ.

ఆ 60 ఎక్కడిదంటే, 1977లో వచ్చిన ఒక ఆర్డర్ నుంచి. దాని పేరులోనే "తాత్కాలిక" అని ఉంది. మరుసటి ఏడాదే దాన్ని గడువు లేకుండా కొనసాగించారు. తాత్కాలికం అన్నది శాశ్వతమైపోవడం మన దగ్గరే అనుకునేవాణ్ణి.

ఇక నల్ల గీత. తెల్లటి గుండ్రటి బిళ్ల, దాని మీద ఏటవాలుగా నల్ల గీత. ఫార్వర్డ్ రాసినవాడు ఒక అరవై ఏళ్లు ఆలస్యంగా పుట్టాడు పాపం. 1965 వరకు ఆ బిళ్లకి అర్థం నిజంగానే అదే, ఇక లిమిట్ లేదని. ఆ ఏడాది డిసెంబరు 22న మోటర్‌వేలకీ, అప్పటిదాకా లిమిట్ లేని రోడ్లకీ ప్రయోగంగా 70 పెట్టారు. 1967లో రవాణా మంత్రి బార్బరా కాసిల్ దాన్ని ఖాయం చేశారు. బిళ్ల మారలేదు, అర్థం మారింది. ఇప్పుడు అది కనపడితే "జాతీయ లిమిట్ మొదలు" అని. కారుకైతే మామూలు రోడ్డు మీద 60, డివైడర్ రోడ్డు మీదా మోటర్‌వే మీదా 70. లిమిట్ లేని రోడ్లే కావాలంటే ఐల్ ఆఫ్ మ్యాన్‌కి ఓడెక్కాలి. అది యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కాదు, అక్కడ ఆ బిళ్లకి పాత అర్థమే ఇంకా నడుస్తోంది.

పల్లె దారుల్లో, రెండు కార్లు ఎదురైతే ఒకటి కంచెలోకి ఒరగాల్సిన సందుల మొదట్లో కూడా ఈ బిళ్ల ఉంటుంది. అక్కడ 60 చట్టబద్ధమే. వెళ్లి చూడండి, మూడో మలుపు దగ్గర గొర్రెలు ఎదురవుతాయి.

డివైడర్ అన్నాను కదా, ఫార్వర్డ్‌లో ఎక్కువమందిని ముంచేది ఈ మాటే అని నా అనుమానం. డ్యూయల్ క్యారేజ్‌వే (డివైడర్ రోడ్డుకి ఇక్కడి పేరు) అంటే వరసల లెక్క కాదు. అటు రెండు, ఇటు రెండు ఉన్నా మధ్యలో తెల్ల రంగు గీతలే ఉంటే అది సింగిలే, కారుకి 60. అటొకటి ఇటొకటే ఉన్నా, మధ్యలో గడ్డి దిబ్బో రాతి గట్టో ఉండి రోడ్డుని రెండుగా విడదీస్తే అది డ్యూయల్.

కానీ ఇదంతా జాతీయ లిమిట్ వర్తించే రోడ్డు మీద. డ్యూయల్ అయినా సరే, పక్కన దీపాలు వరసగా ఉండి, వేరే అంకె బిళ్లగానీ నల్ల గీత బిళ్లగానీ లేకపోతే అది మళ్లీ 30. మా వాడు పడింది ఇక్కడే. వెడల్పాటి రోడ్డు, మధ్యలో గట్టు, ఖాళీగా ఉన్న వరసలు. కాలు దానంతటదే నొక్కుతుంది. డివైడర్ చూసి 70 అనుకునేముందు స్తంభం చూడాలి. వరస తప్పితే లెక్క తప్పుతుంది: ముందు అంకె బోర్డు, అది లేకపోతే దీపాలు, అవీ లేకపోతే డివైడర్, ఆ తర్వాత మీరు నడుపుతున్న బండి.

బండి ఎందుకంటే, పార్సిళ్ల వ్యాన్లు నడిపే కుర్రాళ్లు మనలో చాలామంది. జాతీయ లిమిట్ రోడ్డు మీద మామూలు సరుకు వ్యాన్‌కి సింగిల్ మీద 50, డ్యూయల్ మీద 60. కారు మోడల్ నుంచే తయారై, సరుకుతో కలిపి రెండు టన్నులు మించని చిన్న వ్యాన్లకి మాత్రమే కారు లెక్క. ఫార్వర్డ్‌లో ఈ ఊసే లేదు.

బ్రిటన్ అంతా ఒకటే అన్నట్టు రాయడం ఇంకో పొరపాటు. వేల్స్‌లో 2023 సెప్టెంబరు 17 నుంచి దీపాలున్న రోడ్డుకి బోర్డు లేకపోతే 20. అక్కడ తిరగేసి గుర్తుపెట్టుకోవాలి, 30 ఉన్న చోటే బిళ్లలు ఉంటాయి, 20కి ఉండవు. వారాంతంలో వంతెన దాటి కార్డిఫ్ వెళ్లే మనవాళ్లు ఇంగ్లండ్ అలవాటుతో 30లో పోతే పది ఎక్కువ. స్కాట్లాండ్‌లో దూరం 185 మీటర్లు, పైగా అక్కడ దీపాల లెక్క చిన్న తరగతి రోడ్లకే, పెద్ద రోడ్లకి కాదు.

మ్యాపులో అంకె సాక్ష్యం కాదు. దాన్ని నమ్మానంటే కోర్టు జాలి పడుతుందేమో, అంతకు మించి ఏమీ లేదు. పది శాతం మీద రెండు అన్నది పోలీసులు తమకోసం రాసుకున్న మార్గదర్శకం. 30 రోడ్డు మీద 35 దగ్గర చర్య మొదలవడం దాన్నుంచే వస్తుంది. 31 దగ్గరే నేరం జరిగిపోయింది, పట్టుకోవాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం.

నన్ను నిజంగా భయపెట్టింది చివరి సలహా, చించి పారేయమన్నది. 14 రోజుల నిబంధన ఉంది, అబద్ధం కాదు. అయితే అది మొదటి నోటీసుకి, బండి ఎవరి పేరున రిజిస్టరై ఉందో వాళ్లకి చేరాల్సిన నోటీసుకి. అద్దె కారో, స్నేహితుడి కారో నడిపారనుకోండి. మొదటి ఉత్తరం వాళ్లకి సమయానికే వెళ్లి ఉంటుంది. వాళ్లు మీ పేరు చెప్పాక మీకు వచ్చేది నెల తర్వాత వచ్చినా చెల్లుతుంది.

పైగా ఆ ఉత్తరంతో పాటు బండి ఎవరు నడిపారో చెప్పమని ఒక ఫారం ఉంటుంది. 28 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అది వేరే నేరం, దానికి లైసెన్సు మీద 6 పెనాల్టీ పాయింట్లు. వేగానికైతే మామూలుగా 3 పాయింట్లు, 100 పౌండ్లు. కొద్దిగా మాత్రమే దాటి, గత మూడేళ్లలో వేగం మీద పెట్టే క్లాసుకి వెళ్లకపోతే, పాయింట్లకి బదులు డబ్బు కట్టి క్లాసులో కూర్చోమనే అవకాశం కూడా ఇవ్వొచ్చు.

ఇప్పుడు మనవాళ్ల సంగతి చూడండి. భారత లైసెన్సుతో ఇక్కడ స్థిరపడ్డాక 12 నెలలే నడపొచ్చు. దాన్ని ఇక్కడి లైసెన్సుగా మార్చివ్వరు, మళ్లీ టెస్టు రాయాల్సిందే. ఊళ్లో పదిహేనేళ్లు లారీ నడిపినా సరే, ఇక్కడ పాసైన రోజునుంచి రెండేళ్లు కొత్త డ్రైవరే. ఆ రెండేళ్లలో 6 పాయింట్లు పడితే లైసెన్సు రద్దు. మళ్లీ ప్రొవిజనల్‌తో, అంటే లెర్నర్ లైసెన్సుతో మొదలుపెట్టి థియరీ, రోడ్డు టెస్టు రెండూ పాసవ్వాలి. అంటే మహా అయితే 3 పాయింట్లతో పోయేదాన్ని, ఉత్తరం చించి 6 చేసుకుని, లైసెన్సే పోగొట్టుకోమని ఆ ఫార్వర్డ్ సలహా ఇస్తోంది.

ఇది చెప్పాక మా వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఫారంలో నల్ల ఇంకుతోనే రాయాలా అన్నయ్యా?" అన్నాడు. ఆ సాయంత్రమే నింపి పోస్టు డబ్బాలో వేసి, తిరిగొచ్చేటప్పుడు ఆ రోడ్డు మీదుగానే నడుచుకుంటూ వచ్చాడట. రెండు స్తంభాల మధ్య అంగలు వేసి చూశాడట. నలభై దాటలేదు.