మూత్రంలో రక్తం కనిపిస్తే 'వేడి' అని వదిలేయకండి

మన గోదావరి జిల్లాల్లో మూత్రం మండినా, రంగు మారినా, ఆఖరికి ల్యాబ్ రిపోర్టులో రక్తం అని రాసినా అందరి నోటా ఒకటే మాట, "వేడి చేసిందండీ". రెండు బోండాలు కొట్టించుకుని నాలుగు రోజులు బార్లీ నీళ్లు తాగమంటారు. కొబ్బరినీళ్లు మంచివే. కానీ రక్తం ఎక్కడి నుంచి వస్తోందో కొబ్బరినీళ్లు చెప్పవు కదా.

రావులపాలెం అరటి మార్కెట్‌లో పనిచేసే మా మావయ్య షుగర్ చూపించుకుందామని బాడీ చెకప్‌కి వెళ్లాడు. షుగర్ బాగానే ఉంది. మూడో పేజీలో మాత్రం చిన్న అక్షరాలతో 'బ్లడ్: ఒక ప్లస్', దాని కింద 'ఎర్రకణాలు: 8-10'. మంట లేదు, నొప్పి లేదు, మూత్రం చూడ్డానికి మామూలుగానే ఉంది. అక్కడివాళ్లూ వేడే అన్నారు, కల్చర్ (మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) కూడా చేయకుండా ఐదు రోజులకి యాంటీబయాటిక్ రాసిచ్చారు. ఆ కాగితం ఎనిమిది నెలలు బీరువాలోనే ఉండిపోయింది.

అసలు ఆ ప్లస్ ఎలా వస్తుందంటే, రంగు గడులుండే పరీక్ష పట్టీని (స్ట్రిప్) మూత్రంలో ముంచితే రక్తం చూసే పసుపు గడి ఆకుపచ్చగా తిరుగుతుంది. కండరాలు బాగా నలిగినప్పుడు వచ్చే పదార్థానికి కూడా ఆ గడి రంగు మారుతుంది, అందుకే ఒక్క స్ట్రిప్‌ని నమ్మి టెన్షన్ పడకూడదు, మైక్రోస్కోప్ కింద ఒక్కో ఫీల్డ్‌లో (ఒకసారికి కనబడే గుండ్రటి భాగంలో) మూడు, అంతకు మించి ఎర్రకణాలు కనబడితేనే లెక్క. ఇంకో సంగతి, ఊళ్లో పొద్దున్నే తీసుకున్న సీసా బండి మీద ఎండలో టౌన్‌కి చేరేసరికి కణాలు పగిలిపోవచ్చు, అప్పుడు స్ట్రిప్‌లో ప్లస్ ఉంటుంది, మైక్రోస్కోప్‌లో ఏమీ కనబడదు. వీలైతే ల్యాబ్‌కే వెళ్లి ఇవ్వండి, మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టండి. నెలసరి రోజుల్లో ఇవ్వకండి.

కారణాలు చాలావరకు భయపడాల్సినవి కావు: ఇన్ఫెక్షన్, రాళ్లు, మగవాళ్లలో వయసుతో పెరిగే ప్రోస్టేట్ గ్రంథి, ముందురోజు చేసిన గట్టి వ్యాయామం. రక్తంతో పాటు ప్రోటీన్ కూడా పోతున్నా, బీపీ పెరిగినా, రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటకి పంపాల్సిన వ్యర్థం) పెరిగినా కిడ్నీ వడపోతలోనే తేడా ఉందేమో చూడాలి, దానికి నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ జబ్బుల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నాకు భయమంతా పొగతాగేవాళ్ల గురించే. మన లంక పొగాకు చుట్ట అయినా సిగరెట్ అయినా, పొగలోని విషాలు రక్తంలో కలిసి, కిడ్నీల్లో వడకట్టుకుని, మూత్రాశయంలో గంటల తరబడి నిలవుంటాయి. మూత్రాశయం క్యాన్సర్‌కి అన్నిటికన్నా పెద్ద కారణం పొగాకే. నొప్పి లేదు కదా అనుకోవడమే ఇక్కడ ప్రమాదం, ఎందుకంటే ఆ క్యాన్సర్ తరచుగా నొప్పి లేకుండానే రక్తం చూపిస్తుంది. కంటికి ఎర్రగా ఒక్కసారి కనబడి ఆగిపోయినా యూరాలజిస్టుని (మూత్రనాళాలు, మూత్రాశయం చూసే సర్జన్‌ని) కలవాల్సిందే. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నాను కాబట్టి వచ్చిందిలే అనుకోవడం కూడా తప్పే, ఆ మాత్రలు వాడేవాళ్లకీ పరీక్షలన్నీ చేయాలి.

మావయ్య ముప్పై ఏళ్లుగా చుట్ట తాగాడు. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ కాగితం నా కంటపడింది, పోరి పోరి మళ్లీ పరీక్ష చేయించాను. మళ్లీ కణాలే. స్కాన్‌లో ఏమీ తేలలేదు, సన్న కెమెరా గొట్టం పంపి లోపల చూస్తే మూత్రాశయం గోడకి పులిపిరంత కణితి! తీసేశారు. ఇప్పుడు మూడు నెలలకోసారి ఆ గొట్టం పరీక్షకి వెళ్తున్నాడు.

ఆడవాళ్లకైతే ఇన్ఫెక్షన్ అని మందు మీద మందు రాస్తూ ఇంకా ఆలస్యం చేస్తారు. మందు అయిపోయాక మూత్రం మళ్లీ పరీక్ష చేయమని మీరే అడగండి. కల్చర్‌లో ఏమీ లేదని వచ్చి, రక్తం మాత్రం ఇంకా కనబడుతుంటే ఇంకో యాంటీబయాటిక్‌కి ఒప్పుకోకండి.