బాలింతను అడగని మాట

కాన్పు తర్వాత ఆస్పత్రి నుంచి పంపించేటప్పుడు బాలింతకు చెప్పే జాగ్రత్తలు తక్కువేమీ కాదు. ఐరన్ మాత్రలు మానకు, కుట్లు తడవనివ్వకు, టీకా తేదీ మరవకు, ఆరు నెలల దాకా బిడ్డకు చుక్క నీళ్లు కూడా పట్టకు. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఎక్కేలోపు ఇవన్నీ ఒప్పజెబుతారు. ‘మందు తాగే అలవాటుందా అమ్మా’ అని మాత్రం అడగడం అరుదు. అడిగితే ఇంటివాళ్లు నొచ్చుకుంటారని నర్సుకు బెరుకు. చెబితే వార్డంతా వినబడుతుందని బాలింతకు భయం. కొండ మీద మద్యం నిషేధం, కొండ కింద ఆ మాటెత్తడమే నిషేధం అన్నట్టుంది తిరుపతిలో పరిస్థితి.

మన ఆడవాళ్లు తాగరన్న ధీమా మీద నడుస్తున్న మౌనం ఇది. చిత్తూరు, పలమనేరు పల్లెల్లో కూలి పని నుంచి వస్తూ ముంత కల్లు తాగే తల్లులు ఉన్నారు. వారాంతంలో భర్తతోపాటు ఒక బీరు తాగే ఉద్యోగినులూ ఉన్నారు. ఇవేవీ లేని ఇళ్లలో కూడా ఆల్కహాల్ పెద్దవాళ్ల చేతుల మీదుగానే లోపలికి వస్తుంది. చలి చేయకూడదని అమ్మమ్మ చెంచాతో పట్టే బ్రాందీ ఒకటి, పాలు పడతాయని పూటకింత తాగించే దశమూలారిష్టమనే ఆయుర్వేద మందు ఇంకొకటి. ఇది తాగడమని వాళ్లెవరూ అనుకోరు. అందుకే ‘తాగుతావా’ అన్న ప్రశ్న ఒక్కటే వేస్తే సగం జవాబు కూడా రాదు. ఏమేం పట్టిస్తున్నారని విడివిడిగా అడగాలి.

పాలిచ్చే తల్లి తాగకపోవడమే అన్నిటికన్నా మేలు. ఇందులో మాకు రెండో మాట లేదు. కానీ తాగిన తల్లికి ఆ తర్వాత ఏం చేయాలో చెప్పకపోతే జరిగేది రెండే. కొందరు వెంటనే చన్ను నోటికిస్తారు. ఇంకొందరు పాలు విషమైపోయాయని భయపడి పూర్తిగా మాన్పించి డబ్బా పాలకు దిగుతారు. రెండోది కూడా బిడ్డకు నష్టమే.

ముందు కొలత తెలియాలి. మన దగ్గర అమ్మే బ్రాందీ, విస్కీ సాధారణంగా 42.8 శాతం. ముప్పై మిల్లీలీటర్ల స్మాల్ పెగ్గులో ఉండే ఆల్కహాల్ సుమారు 10 గ్రాములు. దీన్నే ఒక లెక్కగా పట్టుకుంటే మిగతావి సులువు. లార్జ్ అంటే రెండు లెక్కలు, 180 మిల్లీలీటర్ల క్వార్టర్ అంటే ఆరు. ‘బీరే కదా’ అనేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. 650 మిల్లీలీటర్ల సీసాలో 5 శాతం బీరు రెండున్నర స్మాల్‌లతో సమానం, 8 శాతం స్ట్రాంగ్ బీరైతే నాలుగింటితో సమానం. బాగా పులిసిన కల్లు నాలుగైదు శాతం దాకా పోతుంది కాబట్టి అరలీటరు ముంత రెండు స్మాల్‌ల కింద లెక్క.

రక్తంలో ఆల్కహాల్ ఎంత ఉంటే పాలలోనూ దాదాపు అంతే ఉంటుంది. తాగిన అరగంట నుంచి గంటలోపు అది పతాక స్థాయికి చేరుతుంది, కడుపునిండా తిని ఉంటే ఇంకాస్త ఆలస్యం. యాభై కిలోల తల్లి ఒక స్మాల్ తాగితే రక్తంలోనూ పాలలోనూ వంద మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల దాకా చేరుతుంది. రోడ్డు మీద పోలీసులు బండి ఆపి పట్టుకునే చట్టపు హద్దు కూడా సరిగ్గా అంతే. నాలుగు కిలోల బిడ్డ ఒక విడతకు 75 మిల్లీలీటర్లు తాగుతాడనుకుంటే లోపలికి పోయేది పాతిక మిల్లీగ్రాముల లోపే. చాలా కొద్ది. దీన్ని దాచి బెదిరించడం వల్ల లాభం లేదు. పొరపాటున ఒక స్మాల్ తాగిన తల్లి పాలు మాన్పించాల్సిన పని లేదని ఈ అంకెలే చెబుతాయి. మరి భయం దేనికంటే, మొదటి మూడు నెలల్లో పసివాడి కాలేయం ఆల్కహాల్‌ను పెద్దవాళ్లు విరిచే వేగంలో సగంతోనే విరుస్తుంది. తల్లి తాగేది రోజూ అయినా, రెండు మూడు పెగ్గులైనా ఆ కొద్దీ కొద్దిగా ఉండదు.

ఆల్కహాల్ పాలలోంచి దిగడం ఎప్పుడు? ఒక్కో స్మాల్‌కు కనీసం రెండు గంటలు, మన తల్లుల బరువును బట్టి రెండున్నర గంటలు వేసుకోవడం క్షేమం. నలభై ఐదు కిలోలే ఉన్న తల్లికి దాదాపు మూడు పడుతుంది. చివరి గుక్క నుంచి గడియారం చూసుకోవాలి. రెండు స్మాల్‌లకు ఐదు గంటలు, స్ట్రాంగ్ బీరు సీసాకు పది గంటలు. క్వార్టర్ మొత్తం తాగితే పదిహేను గంటలు, అంటే రాత్రి తొమ్మిదికి ముగిస్తే మర్నాడు మధ్యాహ్నం పన్నెండు. నిమ్మరసం, మజ్జిగ, కాఫీ, తలస్నానం వీటిలో ఏదీ ఈ లెక్కలో ఒక్క నిమిషం తగ్గించదు. కాలేయం తన వేగాన తాను పనిచేస్తుంది, దాన్ని తొందరపెట్టే ఉపాయం లేదు.

ఇక్కడే అందరూ పడే పొరపాటు ఒకటుంది. తాగాక ఒకసారి పాలు పిండి పారబోస్తే కొత్తగా వచ్చేవి శుభ్రంగా ఉంటాయనుకుంటారు. రొమ్ము మూత పెట్టిన కుండ కాదు. రక్తంలోంచి పాలలోకి వెళ్లిన ఆల్కహాల్, రక్తంలో తగ్గేకొద్దీ తిరిగి రక్తంలోకే వచ్చేస్తుంది. గంటకోసారి పిండినా రక్తంలో ఉన్నంతసేపు కొత్త పాలలోనూ ఉంటుంది. పిండకపోయినా గడువు దాటాక ఉండదు. మరి పిండడం దండగా అంటే కాదు. ఐదారు గంటలు బిడ్డ తాగకపోతే రొమ్ములు బిగుసుకుని గడ్డలు కడతాయి, జ్వరం వస్తుంది, పాలు తగ్గే ప్రమాదమూ ఉంది. బరువు దిగేదాకా పిండి, ఆ పాలు పారబోయాలి. వాటిని దాచుకోకూడదు. గిన్నెలోకి వచ్చేశాక అందులోని ఆల్కహాల్ రక్తంలోకి తిరిగిపోయే దారి లేదు, ఫ్రిజ్‌లో పెట్టినా గడ్డకట్టించినా అలాగే ఉంటుంది.

పెళ్లో పండగో ముందే తెలిసి, తల్లి తాగుతాననుకుంటే ముందుచూపు అవసరం. అంతకుముందే పాలు తీసి పెట్టుకోవాలి. చేతులు సబ్బుతో కడుక్కుని, మరిగించిన నీళ్లలో ఉంచి తీసిన స్టీలు గిన్నె పెట్టుకుని, బొటనవేలు పైన, చూపుడువేలు కింద, చనుమొనకు రెండు వేళ్ల వెడల్పు వెనక్కి ఉంచి, ముందు ఛాతీ వైపు నొక్కి తర్వాత వేళ్లు దగ్గరకు తేవాలి. మొనను పట్టి లాగితే నొప్పే తప్ప పాలు రావు. రెండు వైపులకూ కలిపి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. చేయి తిరగనివారు ఒక రోజు ముందు నుంచే కొద్దికొద్దిగా తీసిపెట్టుకోవాలి. తీసిన పాలు మామూలు గదిలో నాలుగు గంటలు నిలుస్తాయన్నది 25 డిగ్రీల లెక్క. మే నెల తిరుపతిలో ఆ లెక్క చెల్లదు. ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో పెట్టి ఒక రోజులోపు వాడేయాలి, కరెంటు చాలాసేపు పోతే పారబోయాలి. వేడినీళ్ల గిన్నెలో ఉంచి వెచ్చబెట్టాలి, పొయ్యి మీద కాచకూడదు. సీసా అక్కర్లేదు, మన ఉగ్గుగిన్నె చాలు.

బీరు తాగితే పాలు పడతాయన్న మాట మన ఊళ్లదే కాదు, చాలా దేశాలు తిరిగొచ్చింది. పశువులున్న ఇంట్లో దీన్ని వివరించడం తేలిక. ఆవు బెదిరితే ఎగచేపుతుంది. పొదుగులో పాలున్నా కిందికి దిగవు. తల్లి విషయంలోనూ పాలు తయారు కావడం వేరు, చేపు రావడం వేరు. చేపుకు కారణమైన ఆక్సిటోసిన్‌ను ఆల్కహాల్ అణచివేస్తుంది. తల్లి తాగిన తర్వాతి మూడు నాలుగు గంటల్లో బిడ్డలు తాగే పాలు ఐదో వంతు దాకా తగ్గినట్టు, నిద్ర ముక్కలైనట్టు పరిశోధనల్లో తేలింది. రొమ్ము నిండుగా అనిపించడం చూసి ‘పాలు పడ్డాయి’ అనుకుంటారు గానీ, దిగక నిండింది అది.

అరిష్టం సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. బెల్లం, ధాతకి పూలు వేసి పులియబెట్టే మందు కాబట్టి అందులో 5 నుంచి 10 శాతం ఆల్కహాల్ దానంతటదే పుడుతుంది. ఆ అంకె చీటీ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. వైద్యుడు చెప్పిన ముప్పై మిల్లీలీటర్లు తీసుకుంటే మహా అయితే స్మాల్‌లో పావు వంతు. బిడ్డకు పాలిచ్చిన వెంటనే తాగితే తర్వాతి విడత వేళకు దిగిపోతుంది. చిక్కు ఎక్కడంటే కొలత మూత పక్కన పడేసి గ్లాసులో పోసి ఇవ్వడంలో. వంద మిల్లీలీటర్లు తాగితే అది స్మాల్‌లో ముప్పావు వంతు దాకా పోతుంది.

చెంచా బ్రాందీ బాలింతకు వెచ్చదనం ఇవ్వదు. చర్మం కింది రక్తనాళాలు విప్పారి వేడి బయటికి పోవడమే ఆ వెచ్చదనం. ఇక జలుబని అదే బ్రాందీని పసివాడి పెదాలకు రాసే, ఒక చుక్క నాకించే పెద్దలకు ఒక లెక్క చెప్పాలి. ఒక మిల్లీలీటరు బ్రాందీలో ఆల్కహాల్ 340 మిల్లీగ్రాములు. స్మాల్ తాగిన తల్లి పాలు పతాక స్థాయిలో పదిహేను విడతలు తాగితే గానీ బిడ్డకు అంత చేరదు. తల్లి తాగిందని గొడవచేసే ఇల్లే ఈ పని చేయడం చూస్తుంటే ఏమనాలో తోచదు.

గంటల లెక్క పనికిరానివి కూడా ఉన్నాయి. నాటుసారాలో బలం ఎంతో కాచినవాడికే తెలియదు, మిథనాల్ కలిస్తే ప్రాణం మీదికే వస్తుంది. మత్తు కోసం కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజొలామ్ కలిపే దొంగ వ్యాపారమూ మన తెలుగు నేలకు కొత్తది కాదు. డైజిపామ్ ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది, పాలలోకీ వస్తుంది. బిడ్డ మగతగా పడి ఉండి పాలకు లేవకపోతే ‘బుద్ధిగా నిద్రపోతున్నాడు’ అని మురిసిపోకుండా పరుగున ఆస్పత్రికి తీసుకెళ్లాలి. తల్లి ఏం తాగిందో అక్కడ దాచకూడదు.

ఇంతకన్నా దగ్గరి ప్రమాదం పాలలో కాదు, పక్కలో ఉంది. తాగి నిద్రపోయిన మనిషికి తన చేయి బిడ్డ మొహం మీద పడినా తెలివి రాదు. తాగిన రాత్రి బిడ్డను వేరే చోట, తాగని మనిషి కాపలాలో పడుకోబెట్టాలి. తాగింది తండ్రైనా ఇదే నియమం. నిజానికి మన ఇళ్లలో ఎక్కువసార్లు వర్తించేది తండ్రికే.

రోజూ ఎక్కువగా తాగే అలవాటున్న తల్లిని బిడ్డ పుట్టిందని ఒక్కసారిగా మాన్పిస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. అది వైద్యుల పర్యవేక్షణలో జరగాల్సిన పని. 14446 జాతీయ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ ఇందుకే ఉంది.

ఇవన్నీ చెప్పడానికి కొత్త పథకం ఏదీ అక్కర్లేదు. ఆస్పత్రి కాన్పయిన ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లాలన్న నియమం ఇప్పటికే ఉంది. మూడో రోజు వెళ్లినప్పుడు అత్తగారిని కాసేపు బయట కూర్చోమని చెప్పి అరిష్టం, బ్రాందీ, కల్లు, బీరు అని పేరుపేరునా అడిగితే చాలు. తల్లీబిడ్డల రక్షణ కార్డులో తల్లిపాల పేజీ ఉంది. ‘ఒక స్మాల్‌కు రెండున్నర గంటలు’ అన్న వాక్యం అందులో పట్టకపోదు. నవజాత శిశు వార్డుకు ఇంటి నుంచి తెచ్చే పాల డబ్బా మీద తీసిన వేళతోపాటు తల్లి తాగిన వేళ కూడా రాయించాలి. అది రాసిన తల్లిని ఎవరూ కసరకూడదు. ఒకసారి తిట్లు తింటే రెండోసారి చెప్పదు. 2024 అక్టోబరు నుంచి 99 రూపాయలకే క్వార్టర్ అమ్మిస్తున్న రాష్ట్రం మనది. ఆ సీసా మీద ఆరోగ్యానికి హానికరమనీ, తాగి బండి నడపొద్దనీ ఉంటుంది, పాలిచ్చే తల్లి ఊసు ఉండదు. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ ఒక చిన్న కాగితం తెలుగులో అచ్చేసి తిరుపతి, చిత్తూరుల్లోని ప్రతి ప్రసూతి వార్డు గోడకూ, మందుల షాపులో అరిష్టాల అరకూ అంటించడానికి వారం పట్టదు.